మన ఒడ్డున చచ్చిన తాబేలు ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తుంది?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు కుదించి చెబుతాను. శ్రీకాకుళం తీరంలో మీ ఊరి కుర్రాళ్లు ఫారెస్టు వాళ్లతో కలిసి ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు ఏరి హేచరీలో పొదిగిస్తున్నారు. పిల్లల్ని సముద్రంలోకి వదిలిన వారంలోనే అదే ఒడ్డున పెద్ద తాబేళ్లు ఉబ్బిపోయి కొట్టుకొస్తున్నాయి. ఏ బోట్ల వల్ల చస్తున్నాయో తెలియదు. ఊళ్లో ఒకరు తమిళనాడు కడలూరు నుంచి వచ్చే సోనాబోట్లు, అంటే పెద్ద మర బోట్లంటారు, ఇంకొకరు ఒడిశా పారాదీప్ బోట్లంటారు, విశాఖ బోట్లని మాత్రం ఎవరూ అనరు. ఒడిశాలో లక్షల తాబేళ్లు గుడ్లు పెడుతుంటే మన నాలుగు గూళ్ల వల్ల ఒరిగేదేమిటి, రాష్ట్రాలూ దేశాలూ కలిసి శాస్త్రీయంగా కాపాడాలని సమావేశాల్లో చెప్పే మాటల్లో ఒక పల్లె యువజన సంఘానికి చోటుందా అని అడిగారు.

చోటుంది. అయితే అది హేచరీ దగ్గర లేదు, చచ్చిన తాబేళ్ల దగ్గర ఉంది. ఎందుకో వివరంగా చెబుతాను.

హేచరీ దండగని అనను. ఊరకుక్కలు, నక్కలు, అడవిపందులు తిరిగే చోట, రిసార్టుల లైట్లు ఒడ్డును పగలు చేసేసిన చోట గూడును వదిలేస్తే ఒక్క పిల్ల కూడా నీటిదాకా చేరకపోవచ్చు. కానీ తాబేలు జాతి నిలబడేదీ పడిపోయేదీ గుడ్ల లెక్కను బట్టి కాదని 1987లోనే తేలింది. క్రౌస్, క్రౌడర్, కాస్వెల్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు లాగర్‌హెడ్ తాబేళ్ల జీవితాన్ని గుడ్డు, పిల్ల, ఎదిగే దశ, పెద్దది అని దశలుగా విడగొట్టి ఏ దశలో చావు తగ్గిస్తే జాతి కోలుకుంటుందో లెక్కగట్టారు. గుడ్లను నూటికి నూరు కాపాడినా సంఖ్య తగ్గుతూనే పోయింది. ఎదుగుతున్నవీ ఎదిగినవీ వలల్లో చావకుండా చూస్తే లెక్క తిరగబడింది. అమెరికా రొయ్యల బోట్లకు తాబేలు తప్పించుకునే పరికరం, అంటే టెడ్, తప్పనిసరి చేయడానికి ఈ లెక్క బాగా అక్కరకొచ్చింది.

కారణం సూటిగానే ఉంటుంది. ఆలివ్ రిడ్లే ఒక్క గూట్లో వంద నుంచి నూట ఇరవై గుడ్లు పెడుతుంది. ఎక్కువ భాగం పోతాయని ప్రకృతి ముందే లెక్కేసుకుంది కాబట్టే అన్ని పెడుతుంది. ఆడపిల్ల ఎదిగి గుడ్లకు రావడానికి మాత్రం పదేళ్లకు పైనే పడుతుంది. అలా బతికి బట్టకట్టిన ఆడ తాబేలు ఏళ్ల తరబడి గుడ్లు పెడుతుంది. అలాంటిది ఒక్కటి వలలో పోతే మీ హేచరీలో ఎన్ని బుట్టల పిల్లలు ఆ లోటు తీర్చాలో ఊహించుకోండి. సముద్రంలో చావులు ఆపకుండా ఒడ్డున పిల్లల్ని వదలడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

వేరే సముద్రంలో ఇదే కథ ఎలా నడిచిందో చూస్తే మనకు పాఠముంది. మన ఆలివ్ రిడ్లేకు తోబుట్టువులాంటి జాతి కెంప్స్ రిడ్లే, మెక్సికో సింధుశాఖలో ఉంటుంది. దాదాపు మొత్తం జాతి గుడ్లు పెట్టేది మెక్సికోలో రాంచో నువేవో అనే తీరం చుట్టుపక్కలే. 1947లో అక్కడ ఒక ఇంజినీరు తీసిన ఫిల్ములో ఒకే రోజు సుమారు 40 వేల ఆడ తాబేళ్లు ఒడ్డుకెక్కాయని అంచనా. 1985కు వచ్చేసరికి ఏడాది మొత్తం మీద 702 గూళ్లే మిగిలాయి. మెక్సికో 1966 నుంచే ఆ ఒడ్డును కాపలా కాస్తోంది, అంటే మీరిప్పుడు చేస్తున్న పని అక్కడ ఇరవై ఏళ్లు చేశారు. 1978 నుంచి అమెరికా వాళ్లూ వచ్చి అదే ఒడ్డున వాళ్లతో కలిసి పనిచేశారు. ఒడ్డున కాపలా, సముద్రంలో బోట్లకు టెడ్‌లు, రెండూ కలిశాకే గూళ్లు పెరగడం మొదలై 2009 నాటికి 20 వేలు దాటాయి. 2010లో ఒక్కసారిగా పడ్డాయి, అది ఆ సముద్రంలో చమురు బావి పేలిన ఏడాది, కారణాల మీద ఇంకా వాదనలున్నాయి. పడిందని ఆ ఏడాదే తెలియడానికి కారణం మాత్రం ఒకటే. రెండు దేశాల వాళ్లు ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో గూళ్లు లెక్కపెడుతున్నారు.

ఇప్పుడు మన తీరానికొద్దాం.

ఒడిశాలో తాబేళ్లు ఒకేసారి మూకుమ్మడిగా ఒడ్డుకెక్కే చోట్లు మూడు. గహిర్మాత గురించి 1974లో, దేవీ నది ముఖద్వారం గురించి 1981లో, రుషికుల్య గురించి 1994లో శాస్త్ర లోకానికి తెలిసింది. అక్కడి పల్లెవాళ్లకు ముందే తెలుసనుకోండి. మూడోది మీకు పొరుగూరే, ఇచ్ఛాపురం దాటితే వచ్చే గంజాం జిల్లాలో ఉంది. 2025లో రుషికుల్యలో సుమారు 6.98 లక్షలు, గహిర్మాతలో 6 లక్షలకు పైగా గుడ్లు పెట్టాయని అక్కడి అటవీశాఖ ప్రకటించింది. అంతకుముందు ఏడాది, 2024లో, రుషికుల్యకు మూకుమ్మడిగా రానేలేదు. ఈ రెండు ఏళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి ఒకరు తాబేళ్లు అంతరించిపోతున్నాయని, ఇంకొకరు తెగ పెరిగిపోయాయని రాసేశారు. ఇసుక మేట మారినా, నది నోరు జరిగినా, గాలి తిరిగినా అవి ఆ ఏడాదికి మానుకుంటాయి. ఒక ఏడాది అంకెతో ఏమీ తేలదు.

ఆ లక్షల తాబేళ్లు ఒడిశావి కావు. శీతాకాలానికి తూర్పు తీరం వెంట చేరతాయి, తీరానికి దగ్గరి నీళ్లలో జతకడతాయి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుడ్లు పెడతాయి, తర్వాత చాలావరకు దక్షిణానికి దిగిపోతాయి. 2001లో ఒడిశాలో ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు అంటించి వదిలిన నాలుగింటిలో ఒకటి శ్రీలంక వైపు వెళ్లింది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు 2021 మార్చిలో గహిర్మాత దగ్గర రెక్కకు లోహపు ట్యాగు వేసిన ఒక తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లా గుహాగర్‌లో గుడ్లు పెడుతూ దొరికింది. తూర్పు తీరం తాబేలు పడమటి తీరాన గుడ్లు పెడుతుందని అంతకుముందు ఎవరైనా అంటే నవ్వేవాళ్లం. ఆ సంగతి బయటపెట్టింది ఉపగ్రహం కాదు, రెక్కకున్న చిన్న లోహపు ముక్క. దాన్ని గుహాగర్‌లో ఎవరో వంగి చూసి, నంబరు రాసుకుని, ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికొస్తాను.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా పాలుపంచుకున్న జన్యు పరిశోధన ఒకటి 2004లో వచ్చింది. మన తూర్పు తీరపు రిడ్లేలు చాలా పాత వంశమనీ, ప్రపంచంలో మిగతా సముద్రాల్లో ఉన్న ఆలివ్ రిడ్లేలు ఈ మూలం నుంచే విస్తరించి ఉంటాయనీ దాని సారం. అందుకే మీ నాలుగు గూళ్లను చిన్నచూపు చూడకండి. మన తూర్పు తీరంలో మూకుమ్మడి తీరాలు మూడే ఉన్నాయి. ఒక తుపానుకో, ఒక రేవు కట్టడానికో అవి దెబ్బతింటే అక్కడొకటి ఇక్కడొకటి గుడ్లు పెట్టే పొడవాటి తీరమే జాతికి బీమా. ఆ తీరంలో పెద్ద భాగం ఆంధ్రది.

ఒక తాబేలు ఒకే సీజన్లో మూడు రాష్ట్రాల నీళ్లు దాటుతుంది. ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో చట్టం. ఒడిశాలో ధామ్రా, దేవీ, రుషికుల్య ముఖద్వారాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. గహిర్మాత 1997 నుంచి సముద్ర అభయారణ్యం. కోస్టుగార్డు వాళ్లు ఏటా ఆపరేషన్ ఒలీవియా పేరిట గస్తీ కాస్తారు. మన దగ్గర తీరం నుంచి 8 కిలోమీటర్లు సంప్రదాయ వేటకే, మర బోట్లు దాని అవతల వేటాడాలి. తమిళనాడులో ట్రాలర్లకు, అంటే వల ఈడ్చే మర బోట్లకు, 5 నాటికల్ మైళ్ల (సుమారు 9 కిలోమీటర్లు) గీత ఉంది. కాగితం మీద ఏ ఒక్కటీ తప్పుబట్టేలా లేదు. కానీ ఒడిశా నిషేధం మూడు ముఖద్వారాల దగ్గర ఆగిపోతుంది, తాబేలు ఆగదు. ఇచ్ఛాపురం దాటి ఇటు వచ్చిన క్షణం నుంచి దానికి దక్కేది ఆ 8 కిలోమీటర్ల గీతే. ఆ గీతను బోట్లు ఎంత గౌరవిస్తాయో రాత్రిపూట మీ ఒడ్డున నిలబడి దీపాలు చూస్తే మీకే అర్థమవుతుంది.

ఇక తూర్పు తీరమంతటికీ ఉమ్మడిగా ఉన్న ముఖ్యమైన వేట నియమం వేట నిషేధ కాలం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. అది చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టింది. తాబేళ్లు ఒడ్డు దగ్గర గుమిగూడేది జనవరి నుంచి మార్చి ఆఖరుదాకా. బోట్లు రేవులో కట్టేసే రోజుకి వాటి పని దాదాపు అయిపోయి ఉంటుంది. కేంద్రం ఒక తేదీ పెడితే మూడు రాష్ట్రాలూ పాటించగలవని మాత్రం ఈ నిషేధం రుజువు చేసింది. మన రాష్ట్రంలో ఆ రెండు నెలలకూ మత్స్యకార కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 2025లో 20 వేలకు పెంచారు. అంటే వేట ఆపమని అడగడం, ఆపినందుకు డబ్బివ్వడం, రెండూ అలవాటైన వ్యవహారమే. తాబేళ్ల కోసం ఇంకో రెండు నెలలు తీరమంతా ఆపాలనే వాళ్లతో నేను ఏకీభవించను, పల్లెల కడుపు కొట్టి ఏ జంతువునూ కాపాడలేం. ఏ నది నోటి దగ్గర, ఏ రెండు మూడు వారాలు, ఎన్ని కిలోమీటర్ల లోపల అనేది తెలిస్తే అంతవరకే అడగొచ్చు. ఆ మూడు అంకెలు మన తీరానికి ఎవరి దగ్గరా నమ్మకంగా లేవు. మీ పని మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

చచ్చిన తాబేలు ఎక్కడ చచ్చిందో ఒడ్డు చెప్పదు. మునిగి చచ్చిన తాబేలు మొదట అడుగుకు పోతుంది. కొన్ని రోజులకు లోపల గాలి పుట్టి ఉబ్బి తేలుతుంది, అక్కణ్నుంచి ప్రవాహం, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. మన తూర్పు తీరం వెంట ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉత్తరం నుంచి దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి దక్షిణం నుంచి ఉత్తరానికి లాగుతుంది. మీ ఊరి పెద్దలకు ఈ సంగతి నాకన్నా బాగా తెలుసు, వాళ్లు వలలు వేసేదే దాన్ని చూసుకుని. కాబట్టి డిసెంబరులో మీ ఒడ్డున పడ్డది గంజాం నీళ్లలో చచ్చి ఉండొచ్చు, మార్చిలో పడ్డది భీమిలి అవతల చచ్చి ఉండొచ్చు. అలాగని ప్రతిదీ పక్కవాడి నెత్తిన రుద్దేయడం కుదరదు, సముద్రం మీంచి ఒడ్డుకు గాలి గట్టిగా తోసే రోజుల్లో మీ ఎదుటి నీళ్లలో చచ్చినవే మీ ఒడ్డుకు వస్తాయి. ఏ వారం ఎక్కడ ఎన్ని పడ్డాయి, ఎంత కుళ్లి ఉన్నాయి అనేది గంజాం నుంచి విశాఖ దాకా ఒకే పద్ధతిలో రాసి పెడితే, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ దగ్గరున్న ప్రవాహాల సమాచారంతో కలిపి వెనక్కి లెక్కగట్టొచ్చు. అప్పుడు కడలూరా, పారాదీపా, విశాఖా అనేది టీకొట్టు వాదనగా మిగలదు.

2025 జనవరిలో చెన్నై చుట్టుపక్కల తీరానికి వెయ్యికి పైగా తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి, జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టింది. అంత త్వరగా కదలిక వచ్చిందంటే ఒక కారణం, అక్కడ 1988 నుంచి విద్యార్థులు సీజన్లో రాత్రుళ్లు ఒడ్డు వెంట నడిచి గూళ్లు, కళేబరాలు రాసిపెడుతున్నారు. మామూలు ఏడాది ఎలా ఉంటుందో వాళ్ల దగ్గర ఉంది కాబట్టి ఇది మామూలు కాదని చెప్పగలిగారు. మన దగ్గర అలాంటివి పత్రికల జిల్లా పేజీలో ఫొటోగా వచ్చి మర్నాటికి పోతాయి.

సరే, రాయాల్సిందేమిటి? చాలామంది 'ఈ రోజు 7 తాబేళ్లు' అని వాట్సాప్‌లో పెట్టి ఊరుకుంటారు. అది పనికిరాదు. ఎందుకంటే రేపు పక్క ఊరివాళ్లు అందులో నాలుగింటిని మళ్లీ లెక్కపెడతారు.

కళేబరం దగ్గరికి వెళ్లగానే మొదట ముందు రెక్కలు రెండూ ఎత్తి వెనకంచున లోహపు ట్యాగు ఉందేమో చూడండి. గుహాగర్ సంగతి ఇందుకే చెప్పాను. నంబరుంటే దగ్గరగా ఫొటో తీయండి, వెనక వైపు అక్షరాలతో సహా. తర్వాత కుట్టుపనివాళ్ల మెత్తటి టేపుతో డిప్ప పొడవు కొలవండి, మెడ దగ్గర డిప్ప మొదలయ్యే నడిమి నొక్కు నుంచి తోక పైన చివరిదాకా, వంపు వెంటే టేపు ఆనించి. ఎదిగిన తాబేలైతే, తోక డిప్ప దాటి బాగా బయటికి పొడుచుకొస్తే మగది, లోపలే ఉండిపోతే ఆడది. ఎంత కుళ్లిందో ఒకటి నుంచి అయిదు దాకా అంకె వేయండి: అప్పుడే చచ్చింది ఒకటి, కొద్దిగా ఉబ్బింది రెండు, బాగా ఉబ్బి చర్మం ఊడుతుంటే మూడు, ఎండి డొక్కయితే నాలుగు, ఎముకలు మాత్రమే మిగిలితే అయిదు. మెడ చుట్టూ, రెక్కల మొదట్లో వల తాడు కోత ఉందా, డిప్ప మీద బోటు ఫ్యాను దెబ్బ ఉందా రాయండి. ఏ గాయమూ లేకుండా నిండుగా ఉన్న తాబేలు చచ్చి పడిందంటే చాలాసార్లు నీళ్లలో ఊపిరాడక చచ్చినదే. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి పై నుంచి ఒక ఫొటో, పక్క నుంచి ఒకటి తీసుకోండి. అన్నీ అయ్యాక డిప్ప మీద పెయింటుతో పెద్ద గీత గీయండి. ఆ గీత లేకపోతే మీరు చేసిందంతా వృథా. పక్క ఊళ్లకు కూడా ఆ గీత అర్థమేమిటో చెప్పి ఉంచాలి.

నడిచిన రోజు కళేబరాలేవీ దొరక్కపోయినా సున్నా అని రాయాలి. ఎన్ని కిలోమీటర్లు, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా నడిచారో కూడా. మన వాళ్లకు సున్నా రాయడమంటే నామోషీ. కానీ నడవని రోజుకీ ఏమీ లేని రోజుకీ తేడా తెలియని పుస్తకాన్ని ఏ శాస్త్రవేత్తా ముట్టుకోడు.

ఒక హెచ్చరిక. ఆలివ్ రిడ్లే వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. చచ్చినదైనా, గుడ్డయినా, డిప్ప ముక్కయినా అటవీశాఖ అనుమతి లేకుండా తీసుకున్నా, దగ్గర ఉంచుకున్నా, పాడుచేసినా నేరం. మీరు ఫారెస్టు వాళ్లతోనే పనిచేస్తున్నారు కాబట్టి కొలతలకూ పెయింటు గీతకూ కలిపి రేంజి ఆఫీసరు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ట్యాగులు మీ అంతట మీరు వేయడం మాత్రం కుదరదు, దానికి ఇంకా పై స్థాయి అనుమతి కావాలి.

వలలో పడి కదలకుండా ఉన్న ప్రతి తాబేలూ చచ్చినట్టు కాదు. దీన్ని మీ పల్లెలో బోట్లకు వెళ్లేవాళ్లందరికీ చెప్పండి. నీళ్లు మింగి స్పృహ తప్పినదాన్ని వెంటనే సముద్రంలోకి తోసేస్తే మునిగిపోతుంది. డిప్ప పైకి ఉండేలా బోర్లా పడుకోబెట్టి వెనక భాగాన్ని జానెడు ఎత్తుగా ఉంచాలి, నీళ్లు కారిపోవడానికి. నీడలో పెట్టి తడిగుడ్డ కప్పాలి, ముక్కులు మూయకూడదు. కొన్ని గంటల్లో కదలొచ్చు, ఒక్కోసారి ఒక రోజు పట్టొచ్చు. వెల్లకిలా తిప్పి గుండెల మీద నొక్కేవాళ్లను చూశాను, దానివల్ల ఇంకా హాని.

బోట్ల దగ్గరికి వద్దాం. విశాఖ హార్బర్లో ఒక సరంగుతో, అంటే బోటు నడిపే పెద్దతో, టెడ్ గురించి మాట్లాడితే ఆయనన్న మాట ఇది: "వలకి ఆ జల్లెడ కడితే తాబేలొక్కటే పోద్దా బాబూ? పెద్ద టేకు పోద్ది, పండుగప్ప పోద్ది. ఓనరుకి లెక్క నువ్వు సెప్తావా?" టేకు, పండుగప్ప పెద్ద చేపల రకాలు. టెడ్ అంటే వల సంచికి ముందు ఏటవాలుగా బిగించే కడ్డీల చట్రం. రొయ్యలు కడ్డీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనో కిందో ఉన్న కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు ఒకటి తయారుచేసింది, రొయ్యల నష్టం చాలా స్వల్పమని వాళ్ల పరీక్షల ఫలితం. సరంగు బాధ రొయ్యల గురించి కాదని గమనించండి. మన బోట్లు రొయ్య ఒక్కదాని కోసం వేటకు పోవు, పెద్ద చేప కూడా వాళ్ల ఆదాయమే. ఆ బాధకు జవాబు చెప్పకుండా టెడ్‌లు పంచితే అవి ఇంటి వెనక తుప్పు పడతాయి, పట్టాయి కూడా.

ఇంకో దారి ఉంది, దాని గురించి మన దగ్గర తక్కువ మాట్లాడతారు. వల నీళ్లలో ఎంతసేపు ఉంచుతారు అన్నది. వల లాగే సమయం గంట దాటితే తాబేళ్ల చావులు వేగంగా పెరుగుతాయని అమెరికా పరిశీలనల్లో తేలింది. మన బోట్లు ఒక్కో లాగుడుకు మూడు నాలుగు గంటలు తీసుకుంటాయి. డీజిలు ధర తెలిసినవాడెవడూ గంటకోసారి వల ఎత్తమని చెప్పలేడు. కానీ ఫిబ్రవరి, మార్చిలో నది నోళ్ల దగ్గర మాత్రం ఎత్తమంటే వినేవాళ్లున్నారు. ఇది కూడా పైన చెప్పిన మూడు అంకెలు తెలిస్తేనే అడగగలిగే మాట. నేరం ట్రాలర్లదే అనుకోకండి, టేకు చేపల కోసం అడుగున పరిచే పెద్దకన్ను వలలు కూడా చాలా చంపుతాయి. వాటిని వేసేది మన పల్లెల నాటు పడవలే.

అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యలు కొనడం ఆపేసింది, టెడ్‌లు సరిగా వాడటం లేదన్న కారణంతో. ఈ తగాదా పాతదే, 1990ల చివర్లో ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లింది. చెరువు రొయ్యకు ఆ నిషేధం వర్తించదు కాబట్టి భీమవరంలో ఎవరికీ చీమ కుట్టినట్టు లేదు, దెబ్బంతా బోటు రొయ్య మీద. అందువల్ల హార్బర్‌లో టెడ్ మాట ఎత్తేటప్పుడు తాబేలు పుణ్యం గురించి కన్నా రొయ్య ధర గురించి మాట్లాడండి. శ్రీకూర్మం కథ చెబితే దండం పెడతారు, మర్నాడు అదే వల వేస్తారు.

ప్రభుత్వాల స్థాయిలో ఏముందని అడిగారు. హిందూ మహాసముద్రం, ఆగ్నేయాసియా దేశాల తాబేళ్ల ఒప్పందం 2001 నుంచి అమల్లో ఉంది, మనం 2007లో చేరాం, శ్రీలంక, బంగ్లాదేశ్ అంతకు ముందే ఉన్నాయి. అది చట్టబద్ధంగా కట్టిపడేసే ఒప్పందం కాదు. కేంద్ర పర్యావరణ శాఖ 2021లో సముద్ర తాబేళ్ల జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది, 2026 దాకా వర్తించేలా. తిమింగలాలు, తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తే ఏం చేయాలో మార్గదర్శకాలు కూడా దానితో పాటే వచ్చాయి. చదవండి, బాగున్నాయి. వాటిలో రాష్ట్రాల మధ్య సమన్వయం అనే మాట ఉంది. కానీ ఇచ్ఛాపురం వైపు రేంజరు ఒడిశాలో బరంపురం వైపు రేంజరుకు ఏ రోజు ఏ కాగితం పంపాలో ఉండదు. మన ఇబ్బంది అక్కడే.

పక్షుల వాళ్లు ఈ చిక్కు ఎప్పుడో విప్పుకున్నారు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది, అన్ని దేశాల్లో దాదాపు అవే వారాలు, ఒకే ఫారం. మీ జిల్లాలోనే తేలినీలాపురానికి వచ్చే గూడబాతుల్ని లెక్కపెట్టేవాళ్లూ, పులికాట్‌లో అటు తమిళనాడు ఒడ్డున, ఇటు తడ, సూళ్లూరుపేట ఒడ్డున లెక్కపెట్టేవాళ్లూ ఒకే కాగితం నింపుతారు. అందులో చాలామంది జీతం లేని ఔత్సాహికులే. తాబేళ్లకు అలాంటిది మన తీరంలో కావాలంటే ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

ఇందులో మనకున్న ఒక సౌకర్యాన్ని అధికారులు గుర్తించరు. గోపాల్‌పూర్, రుషికుల్య చుట్టుపక్కల పల్లెల్లో, పూరీ పెంటకోటలో వేటకు పోయేది చాలావరకు తెలుగు మాట్లాడే నోళియాలు. చెన్నై కాశీమేడులో తెలుగు మత్స్యకారులున్నారు. శ్రీకాకుళం కుర్రాళ్లు గుజరాత్ వెరావల్ దాకా పోయి బోట్ల మీద పనిచేస్తారు. 2018లో పాకిస్తాన్ వాళ్లు పట్టుకుంటే 2020 జనవరిలో ఇంటికొచ్చిన మనవాళ్లు అలా వెళ్లినవాళ్లే. అంటే రెండు తీరాల్లోనూ వలలు లాగే చేతుల్లో తెలుగువి చాలా ఉన్నాయి. బరంపురంలో అధికారితో ఇంగ్లిషులో నడిపే ఉత్తరాల కన్నా, మీ ఊరి పిల్లనిచ్చిన గోపాల్‌పూర్ వియ్యంకుడి కొడుకుతో నడిపే వాట్సాప్ గ్రూపు ఈ పనికి బాగా పనికొస్తుంది. రుషికుల్యలో పల్లెల సంరక్షణ బృందాలు ఏళ్ల తరబడి ఉన్నాయి, అక్కడ పరిశోధకులు 2008 నుంచి వరసగా లెక్కలు తీస్తున్నారు. వాళ్లు వాడే ఫారం ఏదో కనుక్కుని అదే వాడండి. సొంతంగా కొత్తది తయారుచేసే సరదా వద్దు.

ఈ సీజనుకు నేనైతే ఇంతే పెట్టుకుంటాను. మీ ఊరి నుంచి అటొకటి ఇటొకటి, వీలైతే గంజాంలో ఒకటి, మీ ఊరితో కలిపి నాలుగు పల్లెలు. ఒక్కో పల్లెకు రోజూ నడవగలిగినంత ఒడ్డు, అయిదు కిలోమీటర్లు మించొద్దు. ఎక్కువ పెట్టుకుంటే సంక్రాంతి తర్వాత మానేస్తారు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా తెల్లవారకముందే నడక. ప్రతి ఆదివారం నాలుగు పల్లెల కాగితాలూ ఒకచోట చేర్చి ఒక ప్రతి అటవీశాఖకు, ఒక ప్రతి మీకు దగ్గర్లో సముద్ర జీవశాస్త్రం చెప్పే విశ్వవిద్యాలయానికి పంపండి. ఆంధ్రా యూనివర్సిటీలో ఆ విభాగాలున్నాయి, విద్యార్థులకు ప్రాజెక్టులు కావాలి, మీకు లెక్కగట్టేవాళ్లు కావాలి.

హేచరీలో రెండు మార్పులు చేయండి. గుడ్లు తీసిన కొన్ని గంటల్లోనే, పొర్లించకుండా, తీసిన గూటి లోతులోనే మళ్లీ పెట్టాలి. ఆలస్యమైతే లోపలి పిండం గుడ్డు పెంకుకు అతుక్కుంటుంది, అప్పుడు కుదిపితే చస్తుంది. ఇసుకలో ఒక థర్మామీటరు పెట్టి రోజూ రాయండి. గూటి వేడిని బట్టే పిల్ల ఆడో మగో తేలుతుంది, దాదాపు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ పుడతాయి, అంతకు మించితే ఆడవే ఎక్కువ. నీడ వల కట్టని హేచరీలో మార్చి ఆఖరుకు ఏం పుడుతున్నాయో చెప్పే అంకెలు ఆంధ్ర తీరానికి కూడా కావాలి. పిల్లల్ని మాత్రం పైకొచ్చిన రాత్రే వదిలేయండి. ముఖ్య అతిథి కోసం పొద్దున్న పదిదాకా తొట్టెలో ఉంచితే, లోతు నీళ్లకు ఈదడానికి దాచుకున్న శక్తంతా ఆ తొట్టెలోనే ఈది ఖర్చుపెట్టేస్తాయి. ఫొటోకు రెండు మూడు పిల్లలు చాలని అతిథులకు ముందే చెప్పండి, చాలామంది ఒప్పుకుంటారు.

మొదటి ఏడాది అంకెలు చూసి పత్రికలకెక్కకండి. పక్కనున్న మూడు పల్లెల కాగితాలతో పోల్చి, రెండో సీజను కూడా అయ్యాక మత్స్యశాఖ జాయింట్ డైరెక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఫలానా నది నోటి దగ్గర ఫలానా వారాల్లో అంటూ వేలు పెట్టి చూపించే పటం చేతిలో ఉండాలి, వెంట బోటు ఓనర్ల సంఘం నుంచి కనీసం ఒకరు ఉండాలి. మర బోట్లకు కేంద్రం 2024 నుంచి ఉచితంగా ఇస్తున్న ట్రాన్స్‌పాండర్లు, అంటే బోటు ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా తెలిపే పెట్టెలు, మీ రేవులో ఎన్ని బోట్లకు బిగించారో ఆ సంఘం దగ్గరే ముందుగా కనుక్కోండి. గీత దాటిందెవరన్న గొడవ వచ్చినప్పుడు ఆ పెట్టెలోని దారి మీ వైపే సాక్ష్యం చెప్పొచ్చు, వాళ్ల వైపు కూడా చెప్పొచ్చు.